పది తర్వాత రెండే దార్లు ఎలా మిగిలాయి?

పదో తరగతి పిల్లలున్న ఇంటికి సంక్రాంతి సెలవుల్లోనే కాలేజీ పీఆర్వో వచ్చేస్తాడు. పరీక్షలు ఇంకా మొదలే కాలేదు, అయినా చేతిలో ర్యాంకర్ల ఫొటోల పాంప్లెట్, "ఇప్పుడు సీటు బుక్ చేసుకుంటే ఫీజులో కన్సెషన్ సార్" అనే మాట రెడీగా ఉంటాయి. ఎంపీసీనా, బైపీసీనా అని హాల్లో మాట్లాడుకుంటుంటే, చేరాల్సినవాడు గుమ్మం దగ్గర నిలబడి వింటుంటాడు.

నిజానికి ఇంత ఇరుకు దారి వేయాలని ఎవరూ అనుకోలేదు. 1952-53లో సెకండరీ విద్య మీద వేసిన మొదలియార్ కమిషన్ చెప్పింది దీనికి పూర్తిగా రివర్స్: హైస్కూల్లోనే సైన్సు, టెక్నికల్, కామర్స్, వ్యవసాయం, లలితకళలు, హోమ్ సైన్స్ లాంటి ఏడు రకాల దార్లు పెట్టమంది. మల్టీపర్పస్ హైస్కూళ్లు అలా వచ్చినవే. కొన్ని పాత బడుల బోర్డుల మీద ఆ పేరు ఇంకా ఉంది, లోపల వర్క్‌షాప్ మాత్రం ఉండదు.

తర్వాత కొఠారి కమిషన్ 10+2+3 అంది, అంటే పదేళ్ల బడి, రెండేళ్ల ప్లస్ టూ, మూడేళ్ల డిగ్రీ. పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు) పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. పక్కన తమిళనాడులో ప్లస్ టూ హయ్యర్ సెకండరీ బడిలోనే ఉంటుంది, మన దగ్గరేమో అది జూనియర్ కాలేజీకి వెళ్లిపోయింది. దాంతో పిల్లవాడిని అయిదేళ్లుగా చూసిన హైస్కూల్ మాస్టారి పని టీసీ ఇవ్వడంతో అయిపోతుంది, వాడు ముందుకు ఎటు వెళ్లాలో చెప్పేది వాణ్ని అప్పటిదాకా చూడని మనిషి.

1986లో ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్ల ఎంట్రన్స్ ఎంసెట్ వచ్చాక ఆ మనిషికి చేతినిండా పని దొరికింది. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్‌కి ఎంత గిరాకీ అంటే, అక్కడ సీటు కోసం ఒక ఎంట్రన్స్, ఆ ఎంట్రన్స్‌కి మళ్లీ వేరే చోట కోచింగ్! అదే పద్ధతి కిందికి పాకి ఆరో తరగతి 'ఐఐటీ ఫౌండేషన్' దాకా దిగింది. సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) అంటే మార్కులు రానివాళ్ల గ్రూపనే పేరు కూడా ఈ ఊపులో గట్టిపడిందే.

ప్రభుత్వం వేరే దార్లు వేయలేదని కాదు. 1971లో అప్పటి ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు సర్వేల్‌లో మొదలుపెట్టిన గురుకులం పల్లెటూరి పిల్లల కోసమే. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టి పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో చేర్చుకున్నారు, తర్వాత ప్రభుత్వ బడి పిల్లలకు గ్రేడ్ పాయింట్లలో 0.4 అదనంగా కలిపారు కూడా. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఇంత చక్కటి దారి ఉన్నా పీఆర్వో పాంప్లెట్‌లో కనపడదు, ఎందుకు కనపడుతుంది?

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష సంగతీ అంతే. 2008లో వచ్చిన ఈ స్కాలర్‌షిప్ ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకి, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏటా 12,000, అంటే మొత్తం 48,000 రూపాయలు. ఏడో తరగతిలో 55 శాతం తెచ్చుకున్న పిల్ల మీ ఇంట్లో ఉంటే వాళ్ల హెడ్మాస్టర్‌ని ఈసారి దరఖాస్తులు ఎప్పుడని అడగండి, ఆధార్‌లో పేరు స్కూల్ రికార్డుతో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.