వెలగలేదని పారేయకండి, ముందు తిప్పి పెట్టండి

తిరుపతి

పాపకూ చిన్నోడికీ తాత ఆశీస్సులు.

నిన్న ఫోన్లో మీరు చెప్పింది విన్నప్పటి నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు. స్కూలు ఎగ్జిబిషన్‌కి తెచ్చుకున్న పది ఎల్‌ఈడీల్లో నాలుగు వెలగలేదని చెత్తబుట్టలో వేసేశారంట. ముందు పోయి వాటిని ఏరుకుని రండి, మిగతాది తర్వాత చదవచ్చు.

పాత టార్చిలైటు బల్బుకు కరెంటు ఎటు నుంచి ఇచ్చినా వెలుగుతుంది. ఎల్‌ఈడీ అట్లా కాదు, అది డయోడ్, కరెంటును ఒకవైపే పోనిస్తుంది. పొడుగు కాలు ప్లస్‌కి, పొట్టి కాలు మైనస్‌కి. కాళ్లు కత్తిరించేసి ఉంటే కింది అంచు వేలితో తడిమి చూడండి, గుండ్రంగా ఉన్న అంచు ఒక పక్క చదునుగా తగులుతుంది, మామూలుగా అదే మైనస్ వైపు.

అన్నిటికన్నా సులువు 3 వోల్టుల బటన్ సెల్, సీఆర్ 2032 అని అడిగితే ఇస్తారు. ఎల్‌ఈడీ రెండు కాళ్ల మధ్య సెల్‌ను ఇరికించి వేళ్లతో నొక్కండి. వెలగలేదా, తిప్పి నొక్కండి, 3 వోల్టులు తిరగేసి తగిలినా దానికేం కాదు. ఆ చిన్న సెల్ ఎక్కువ కరెంటు ఇవ్వలేదు కాబట్టి కరెంటును తగ్గించే రెసిస్టర్ అనే చిన్న ముక్క లేకపోయినా ఆ కాసేపటికి కాలిపోదు. అయితే ఒకటి, ఎర్రదానికి 2 వోల్టులు చాలు, నీలం, తెలుపు వాటికి దాదాపు 3 కావాలి. సెల్ పాతదైతే ఎర్రది బాగానే వెలుగుతుంది, నీలంది అసలు వెలగదు, అప్పుడు తప్పు సెల్‌ది. మీరు పారేసినవాటిలో నీలంవి ఉన్నాయేమో చూడండి, నా అనుమానం అదే.

ఇంకో మాట, ఆ సెల్ చంటిదాని చేతికి మాత్రం అందనీయకండి. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది, ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించొద్దు. కొత్తలో నేను అట్లాగే చేసి మంచి ఎల్‌ఈడీ ఒకటి పోగొట్టుకున్నాను, ఒక్క క్షణం గట్టిగా వెలిగి ఆరిపోయింది, చాలా బాధేసింది. మధ్యలో 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 9 వోల్టుల్లో 2 వోల్టులు ఎర్ర ఎల్‌ఈడీకి పోతే మిగిలేది 7, దాన్ని 470తో భాగించండి, దాదాపు 0.015 ఆంపియర్, అంటే 15 మిల్లీఆంపియర్లు వస్తుంది. మామూలు ఎల్‌ఈడీ 20 దాకా తట్టుకుంటుంది.

వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్ దొరికితే డయోడ్ గుర్తు దగ్గర పెట్టి, ఎర్ర వైరు పొడుగు కాలికి, నల్లది పొట్టి కాలికి ఆనించండి. ఎర్ర ఎల్‌ఈడీ మసకగా వెలిగి, మీటర్ మీద 1.8 దగ్గర్లో అంకె కనిపిస్తుంది. కొన్ని మీటర్లు నీలందాన్ని వెలిగించలేవు, దాన్ని చూసి ఎల్‌ఈడీ పోయిందనుకోవద్దు.

టీవీ రిమోట్‌లో ఉండే ఎల్‌ఈడీ వెలుగు మన కంటికి కనపడదు. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క మినుకుమంటుంది.

సీరియల్ సెట్టు జోలికి మాత్రం ప్లగ్ తీయకుండా పోవద్దు, అందులో 230 వోల్టులు ఉంటాయి. బ్రహ్మోత్సవాలకు వస్తారు కదా, మన ఇంట్లో సగం ఆరిపోయిన సెట్టు ఒకటుంది, ప్లగ్ తీసేసి బటన్ సెల్‌తో ఒక్కొక్కటే పట్టి చూద్దాం. ఆ నాలుగూ కూడా తీసుకురండి.

మీ తాత