రక్తనాళం ఉత్త గొట్టం కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మన ఇళ్లలో రక్తనాళాన్నీ నాడినీ కలిపి 'నరం' అనే అంటాం. ఇంజెక్షన్ చేసే నర్సు "నరం దొరకడం లేదు" అంటుంది. మెడ పట్టేస్తే "నరం పట్టేసింది" అంటాం. నేను మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) చెబుతాను. ఈ ఒక్క మాట దగ్గరే మొదటి అపోహ మొదలవుతుందని కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ అనిపిస్తుంది.

అపోహ: రక్తనాళాలు రబ్బరు గొట్టాల్లాంటివి. వాటిని బిగించేదీ వదులు చేసేదీ నాడులే.

వాస్తవం: బిగించడంలో నాడుల పాత్ర పెద్దదే. భయం వేస్తే చేతులు చల్లబడేది అందుకే. కానీ వదులు చేసే పని ఎక్కువగా నాళం లోపలి పొర చూసుకుంటుంది. దాని పేరు ఎండోథీలియం. మందం ఒకే ఒక్క కణం. చాలాకాలం దాన్ని గోడకు వేసిన సున్నంలా చూశారు, ఉండాలి కాబట్టి ఉంది అన్నట్టు.

అప్పట్లో ఒక చిక్కు ఉండేది. అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని జంతువు రక్తంలోకి ఎక్కిస్తే నాళాలు వెడల్పై బీపీ పడిపోయేది. అదే పదార్థం ల్యాబ్‌లో ధమని ముక్క మీద వేస్తే ముక్క బిగుసుకునేది. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు బృహద్ధమనితో ఈ ముడి విప్పారు. ముక్క కోసేటప్పుడు లోపలి వైపు రాసుకుపోయి ఆ పొర ఊడిపోతోంది. పొర జాగ్రత్తగా మిగిల్చిన ముక్కలన్నీ వదులయ్యాయి. పొర ఊడిన ముక్కను, పొర ఉన్న ముక్కకు ఆనించి పెడితే అదీ వదులైంది. అంటే పొర నుంచి ఏదో పక్కకు వెళ్తోంది. ఈ ఫలితాలు 1980లో అచ్చయ్యాయి.

పీజీ రోజుల్లో నేనే ఇది చూశాను. ఎలుక ధమని నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ఉంగరం కోసి, రెండు సన్నని కొక్కేలకు తగిలించి, 37 డిగ్రీల ద్రావణంలో వేలాడదీశాను. ముందు బిగించే మందు వేశాను, గ్రాఫు మీద గీత పైకి లేచింది. తర్వాత అసిటైల్‌కోలిన్ వేశాను. గీత కదల్లేదు. మందు పాడైందేమో అనుకున్నాను. మా గైడ్ ఉంగరాన్ని చూసి, "ఫోర్సెప్స్ లోపలికి పెట్టావా అమ్మా? పొర గీరుకుపోయి ఉంటుంది" అన్నారు. రెండో ఉంగరాన్ని బయటి కొవ్వు పట్టుకుని మాత్రమే ఎత్తాను. ఈసారి నాలుగు చుక్కలకే గీత మెల్లగా దిగుతూ వచ్చింది. పాఠంలో ఎన్నిసార్లు చదివినా ఆ గీత దిగడం చూసినప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

పక్కకు వెళ్లేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. రక్తం వేగంగా పారితే ఆ రాపిడిని పొరలోని కణాలు పసిగడతాయి, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఈ వాయువును తయారు చేస్తాయి. దాని ఆయుష్షు కొన్ని సెకన్లే. పక్కనున్న కండరంలోకి పాకి, సీజీఎంపీ అనే పదార్థాన్ని పెంచి, కండరాన్ని వదులు చేస్తుంది. మీరు మెట్లెక్కుతుంటే తొడ ధమని వెడల్పయ్యేది ఇలాగే.

అపోహ: నైట్రిక్ ఆక్సైడ్ అంటే లాఫింగ్ గ్యాస్.

వాస్తవం: కాదు. లాఫింగ్ గ్యాస్ అంటే నైట్రస్ ఆక్సైడ్, మత్తుకు వాడేది. పేర్లు దగ్గర, పనులు వేరు. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది నైట్రిక్ ఆక్సైడ్ మీద పరిశోధనకే.

అపోహ: గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ రక్తాన్ని పలచన చేసి బ్లాక్‌ను కరిగిస్తుంది.

వాస్తవం: రెండూ చేయదు. అది కండరంలోనే నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. పొర దెబ్బతిన్నవాళ్లలో కూడా పనిచేసేది అందుకే. బీపీ పడిపోతుంది కాబట్టి కూర్చునే పెట్టుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట. సిల్డెనాఫిల్ (వయాగ్రా లాంటి మాత్రలు) సీజీఎంపీని విరగనివ్వదు. సార్బిట్రేట్, ఈ మాత్ర రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి తెచ్చేంతగా పడిపోవచ్చు. చాలామంది మగవాళ్లు ఆ మాత్ర సంగతి డాక్టర్‌కు చెప్పరు. సిగ్గుపడకండి, దయచేసి చెప్పండి. ఛాతీ నొప్పి వస్తే బిళ్ల వేసుకుని పడుకోకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: యాంజియోగ్రామ్‌లో బ్లాక్ లేదు, నాళాలు భేషుగ్గా ఉన్నాయి.

వాస్తవం: బ్లాక్ కనపడడానికి ఎన్నో ఏళ్ల ముందే పొర పని తగ్గిపోవచ్చు. జబ్బ దగ్గర ధమనిని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, బీపీ పట్టీతో ఐదు నిమిషాలు రక్తం ఆపి, ఒక్కసారిగా వదిలితే రక్తం ఉరికి ధమని వెడల్పవ్వాలి. 1992లో లండన్ వైద్యులు ఈ పరీక్షను లక్షణాలేమీ లేని పొగతాగేవాళ్లలోనూ, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్న పిల్లల్లోనూ చేశారు. వాళ్ల ధమనులు సరిగ్గా వెడల్పు కాలేదు. సార్బిట్రేట్‌లాగే పనిచేసే నైట్రోగ్లిజరిన్ ఇస్తే మాత్రం అయ్యాయి. కండరం బాగానే ఉంది, లోపం పొరలో ఉంది. పిల్లల్లో ఇలా కనపడటం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఇది ఎక్కువగా పరిశోధనలో వాడే పరీక్ష, దీనికోసం ల్యాబుల చుట్టూ తిరగక్కర్లేదు. సిగరెట్, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూసుకుంటే చూసుకున్నది ఈ పొరనే.

అపోహ: ఆర్జినిన్ పౌడర్ తాగితే నాళాలు తెరుచుకుంటాయి.

వాస్తవం: జిమ్‌కు వెళ్లే మా స్టూడెంట్లు తరచూ అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆర్జినిన్ కొరత మామూలుగా ఉండదు. గుండెపోటు వచ్చినవాళ్లకు ఇచ్చి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2006లో వెలువడింది. ఆర్జినిన్ తీసుకున్నవాళ్లలో ఆరుగురు చనిపోయారు, తీసుకోనివాళ్లలో ఒక్కరూ లేరు. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

దానికంటే రోజూ నడవండి. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ తినండి. వాటిలోని నైట్రేట్‌ను మన నాలుక మీది బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అందులోంచి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. క్రిముల్ని చంపే మౌత్‌వాష్ ఆ బ్యాక్టీరియానూ చంపుతుంది. పళ్ల డాక్టర్ రాసినన్ని రోజులు వాడండి, అలవాటుగా మాత్రం వద్దు.