నైట్ కింగ్‌కు నిజంగా కావలసిందేమిటి? విలన్ల మనసుపై అపోహలు - వాస్తవాలు

టీవీ సీరియళ్లకు కథ, స్క్రీన్‌ప్లే రాయడం నా వృత్తి. విలన్ ఎందుకిలా చేస్తున్నాడన్న ప్రశ్నతోనే నాకు చాలా రోజులు తెల్లారుతాయి. అందుకే నవలల ఆధారంగా తీసిన టీవీ సిరీస్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 2019లో ముగిసినా, దాని విలన్ల మీద అభిమానులు అల్లిన థియరీలు ఇప్పటికీ వెతుక్కుని చదువుతాను. ఒక్కో ఫ్రేమునూ ఆపి చూసే ఆ శ్రద్ధంటే నాకు గౌరవం. అది దారి తప్పేది కొన్ని అపోహల దగ్గరే.

అపోహ: నైట్ కింగ్ మౌనం వెనక పెద్ద రహస్యం దాచారు.

వాస్తవం: చచ్చినవాళ్లను లేపి సేనగా నడిపించే నైట్ కింగ్ సిరీస్ మొత్తంలో ఒక్క మాటా మాట్లాడడు. ఆ ఖాళీని మనమే నింపుకున్నాం. గతాన్ని చూడగలిగే స్టార్క్ వంశపు కుర్రాడు బ్రానే నైట్ కింగ్ అన్నారు కొందరు. మనుషులు పాత ఒప్పందమేదో తప్పారన్నారు ఇంకొందరు. తెర మీద చూపించింది మాత్రం ఇది: 2016లో వచ్చిన ఆరో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో, చెట్టుకు కట్టేసిన ఓ మనిషి గుండెల్లోకి, మనుషులకంటే ముందునుంచీ అక్కడున్న అడవి బిడ్డలనే జాతివాళ్లు డ్రాగన్‌గ్లాస్ అనే నల్లటి గాజురాయిని మెల్లగా దించుతారు. అతని కళ్లు నీలంగా మారతాయి. మనుషులతో యుద్ధానికి వాళ్లు చేసుకున్న ఆయుధం అతను. షో సృష్టికర్తల్లో ఒకరైన డేవిడ్ బెనియాఫ్ కూడా అదే ఏడాది ఈ సంగతి చెప్పారు. మంచి చెడుల్లో ఒకదాన్ని ఎంచుకునే వీలున్నచోటే దుర్మార్గం పుడుతుందని, నైట్ కింగ్‌కు ఆ వీలు లేదని, అతను మృత్యువులాంటివాడని ఆయన మాట. చివరి సీజన్‌లో బ్రాన్ చెప్పేదీ దగ్గరదగ్గర అదే: అతనికి అంతులేని రాత్రి కావాలి, లోకాన్ని చెరిపేయాలి, లోకపు జ్ఞాపకం నేనే కాబట్టి నాకోసం వస్తాడు.

ఈ జవాబు నాకు చాల్లేదు. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన విలన్‌కు ఆ రెండు ముక్కలేనా అనిపించింది. అయితే జవాబు చాలకపోవడం వేరు, దాచిపెట్టడం వేరు.

అపోహ: సుడి గుర్తును విప్పితే అతని పథకం తెలిసిపోతుంది.

వాస్తవం: మూడో సీజన్‌లో నైట్ కింగ్ వర్గంవాళ్లు గుర్రాల కళేబరాల్ని సుడిలా పేర్చారు. చివరి సీజన్ మొదటి ఎపిసోడ్‌లో గోడకు మేకులతో కొట్టిన పసివాడు నెడ్ అంబర్ చుట్టూ తెగిన చేతుల్ని అలాగే అమర్చారు. అది అడవి బిడ్డల పవిత్ర చిహ్నమనీ, నైట్ కింగ్ దాన్ని కావాలనే అపవిత్రం చేస్తున్నాడనీ ఆ షో రచయిత డేవ్ హిల్ వివరించారు. అంటే అందులో ఉన్నది పథకం కాదు, కసి. మరి ఎంచుకునే వీలే లేనివాడికి కసి ఎక్కడిది? థియరీ రాసేవాళ్లు పట్టుకోవలసిన ముడి ఇదీ!

అపోహ: నవలలు చదివితే నైట్ కింగ్ అర్థమవుతాడు.

వాస్తవం: ఇప్పటివరకు వచ్చిన నవలల్లో అతను లేడు. దగ్గరి పేరుతో ఉన్నది ఉత్తరాన మంచుగోడను కాపలా కాసే నైట్స్ వాచ్ దళపు పదమూడో సేనాపతి గురించిన పాత కథ. అతను వేరు.

అపోహ: అభిమానులు కనిపెట్టేశారని చివర్లో మార్చేశారు.

వాస్తవం: నైట్ కింగ్‌ను బ్రాన్ అక్క ఆర్యా చంపాలని దాదాపు మూడేళ్ల ముందే అనుకున్నామని సృష్టికర్తలే చెప్పారు.

అపోహ: విలన్ల వెనక రహస్యాలన్నీ అభిమానుల ఊహలే.

వాస్తవం: రాజు కొలువులో కుట్రలల్లే లిటిల్‌ఫింగర్‌ను చూడండి, అసలు పేరు పీటర్. 2011లో మొదటి ఎపిసోడ్‌లోనే లైసా నుంచి అక్క కాట్లిన్‌కు, అంటే బ్రాన్ తల్లికి, రాత్రివేళ ఉత్తరం వస్తుంది, తన భర్త జాన్ అరిన్‌ను రాణి పుట్టింటివాళ్లైన లానిస్టర్లు చంపారని. కథంతా దాని మీదే కదులుతుంది. నిజం బయటపడేది 2014లో, నాలుగో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో. నవలల్లో ఈ ముడి 1996లో పడి 2000లో వీడింది. మేమూ విలన్ రహస్యాన్ని మొదటి సీన్ రాయకముందే అతని గొంతుతో ఒక పేజీ రాసి పెట్టుకుంటాం. అలా ముందే వేసిన ముడి అయితేనే వెనక్కి వెళ్లి చూసినప్పుడు దొరుకుతుంది.

ఆ నాలుగో సీజన్ సీన్ మళ్లీ చూడండి. పెళ్లి ఇప్పుడే కావాలని పీటర్‌ను పట్టుకుని వేలాడుతూ లైసా అంతా చెప్పేస్తుంది. భర్త వైన్‌లో విషం కలిపింది తనే, ఉత్తరం రాసింది తనే, రెండూ అతను చెప్పినందుకే. ఆమె మాటల్లో పడి పీటర్‌ను వదిలేయకండి. అతను ఉలిక్కిపడడు, కాదనడు. జరిగింది జరిగిపోయింది, మాట్లాడితేనే అది నిజమవుతుందంటూ మెల్లగా ఆమెను ఊరుకోబెడతాడు.