బిళ్ళ గన్నేరు గురించి మీకో ఉత్తరం

పిల్లలూ,

బిళ్ళ గన్నేరు మన మొక్క కాదంటే చాలామంది నమ్మరు. గోడ పక్కనా, గుడి దగ్గరా, సమాధుల మధ్యనా ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూస్తూనే ఉంటుంది కదా. కానీ దాని పుట్టిల్లు ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న మడగాస్కర్ దీవి. ఈ జాతి మొక్కలు మొత్తం ఎనిమిది రకాలుంటే ఏడు అక్కడివే, ఒక్కటి మాత్రం మన దేశంది.

అక్కడి నుంచి ప్రపంచమంతా పాకిన ఈ మొక్క ఆకులు మరిగించి తాగితే షుగరు తగ్గుతుందని చాలా దేశాల్లో నమ్మేవాళ్ళు. 1952లో జమైకా నుంచి కొన్ని ఆకులు కవరులో కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు చేరాయి, ఆయన వాటిని పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్‌కు పంపించాడు. రాబర్ట్ ఆ కషాయాన్ని ఎలుకలకు తాగించి చూస్తే రక్తంలో చక్కెర తగ్గనే లేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి! ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవాళ్ళేమో. ఆయన మాత్రం అవి ఎందుకు చచ్చిపోయాయో చూశాడు. ఒంట్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి, ఇన్‌ఫెక్షన్లు సోకి పోయాయి. మరి తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయే రక్త క్యాన్సర్ మాటేమిటి? నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరించే ప్రశ్న ఇది.

చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆయన ఆకులోంచి వేరుచేసిన మందు విన్‌బ్లాస్టిన్. అదే సమయంలో అమెరికాలో ఎలి లిల్లీ కంపెనీ వాళ్ళు కూడా ఇదే మొక్క మీద పనిచేసి విన్‌క్రిస్టిన్ తీశారు, 1963లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాలు ఏర్పడి జన్యువులుండే పోగుల్ని, అంటే క్రోమోజోములను, చెరో వైపుకు లాగుతాయి. ఈ మందులు ఆ గొట్టాలను కట్టుకోనివ్వవు, దాంతో క్యాన్సర్ కణం చీలలేక చచ్చిపోతుంది. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు ఒకప్పుడు చావు తప్ప దారి లేదు. ఇప్పుడు మంచి వైద్యం అందే దేశాల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు, వాళ్ళకిచ్చే నాలుగైదు మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి.

అందుకే గట్టిగా చెబుతున్నాను, ఎవరేం చెప్పినా షుగరుకని ఆ ఆకు నమలకండి, ఇంట్లో పెద్దవాళ్ళనీ తాగనివ్వకండి. అది విషం. డాక్టర్లు లెక్కకట్టి రక్తనాళంలోకి ఎక్కించే మందు వేరు, మనం దంచి తాగే రసం వేరు.

నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. ఈ మందులతో కంపెనీలకు కోట్లు వచ్చాయి, మడగాస్కర్‌కు మాత్రం వాటా ఏమీ రాలేదు. ఒక దేశపు మొక్కతో లాభం పొందినవాళ్ళు ఆ దేశానికీ పంచాలని నాగోయా ఒప్పందం వచ్చింది 2010లో, అప్పటికే చాలా ఆలస్యమైంది. పైగా ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి కాబట్టి, మొక్క జన్యువులను ఈస్ట్‌లో (రొట్టెల పిండి పొంగించే సూక్ష్మజీవిలో) పెట్టి దాని ముడిసరుకులు తయారుచేయించే పద్ధతిని 2022లో కనిపెట్టారు. రోగులకు ఇది మంచి కబురే. కానీ ఆకే అక్కర్లేకుండా, కంప్యూటర్‌లో ఉన్న జన్యువుల వివరాలతోనే మందు తయారైతే మొక్క పుట్టిన దేశానికి వాటా ఎలా ఇవ్వాలన్నది దేశాల మధ్య ఇంకా నడుస్తున్న వాదన. నేనైతే తప్పకుండా ఇవ్వాలనే అంటాను. మీరేమంటారో రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య