ఘాటీలో గంతులేసిన వెనక చక్రం

సాలూరు దాటి ఒడిశా వైపు సుంకి ఘాటీ ఎక్కుతుంటే మా బావ పికప్‌లో వెనకాల నుంచి ఒక చప్పుడు వచ్చేది. సిమెంటు లోడుతో మలుపులో ఆగి, ఫస్ట్ గేరులో క్లచ్ వదిలితే చాలు, బండి కింద ఎవరో సమ్మెటతో బాదినట్టు దడదడదడ. గేర్‌బాక్స్ పోయిందని బావ టెన్షన్. సెమిలిగుడలో మేస్త్రీ కిందకి దూరి, ఇరుసుని కమాన్లకి బిగించే యూ బోల్టులు తట్టి చూసి, "గేర్‌బాక్స్‌కేం కాలేదు బాబూ, కమాన్లు మెలి తిరుగుతున్నాయి" అన్నాడు. కమాన్లంటే వెనక బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు.

కొండ ఊళ్ల దారుల్లో డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్య ఉండే గేర్ల గుండు) రాళ్లకు తగులుతోందని బావ అంతకుముందే పెద్ద టైర్లు వేయించాడు. అవి బాడీకి రాసుకోకుండా వెనక హౌసింగ్‌కీ (ఇరుసునీ డిఫరెన్షియల్‌నీ కప్పే ఇనప తొడుగు) కమాను కట్టకీ మధ్య 10 సెంటీమీటర్ల ఇనప దిమ్మలు పెట్టించి బండిని లేపాడు. (ఆర్‌సీలో ఉన్న తయారీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. ఆ మాట చెప్పినా విన్నవాడు కాదు.)

డ్రిల్లింగ్ మిషన్ బిట్టు గోడలో ఇరుక్కుంటే మన మణికట్టు తిరిగిపోతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. చక్రాన్ని ముందుకు తిప్పే బలం ఎంతో, హౌసింగ్‌ని వెనక్కి తిప్పే బలమూ అంతే. లెక్క కోసం ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, 200 న్యూటన్ మీటర్లు, ఫస్ట్ గేరు నాలుగింతలు, డిఫరెన్షియల్ మరో నాలుగింతలు పెంచుతాయనుకుందాం. మొత్తం 3200. దిమ్మల వల్ల కమాను నేలకి ఇంకా దూరమైంది కాబట్టి టైరు తోపు మరో 900 దాకా కలుపుతుంది. ఈ మెలి అంతా మోసేది కమాను పట్టీలే. ముందు సగం పైకి, వెనక సగం కిందికి వంగి పాములా మెలికపడతాయి. ఇక వంగలేనప్పుడు టైరు జారుతుంది, కమాను ఒక్క విదిలింపుతో వెనక్కి వస్తుంది, టైరుకి మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలిక. ఫిడేలు తీగ మోగేదీ ఇలాగే, పట్టుకుని జారి, పట్టుకుని జారి. అక్కడా కమానే, ఇక్కడా కమానే. ఫిడేలుది వినడానికి బాగుంటుంది.

ఈ జబ్బుకి మందు ట్రాక్షన్ బార్. హౌసింగ్‌కి బిగించి ముందుకు చాచి ఛాసిస్‌కి కట్టే చెయ్యి అది. అమెరికాలో లేపిన పికప్‌లకు జనం ఇంట్లోనే వెల్డింగ్ చేసుకుంటారు. మన పదిచక్రాల లారీల వెనక ఇరుసుల దగ్గర కనిపించే టార్క్ రాడ్డు దీనికి దూరపు చుట్టం.

మేము మొదట చేసింది ఒంటి పైపు. బయట 50 మిల్లీమీటర్లు, గోడ మందం 5. ఇంటికొచ్చి లెక్క వేస్తే నవ్వొచ్చింది. 4100 న్యూటన్ మీటర్లకి ఆ పైపులో ఒత్తిడి 560 మెగాపాస్కల్స్ దాటుతుంది, మామూలు ఇనుము 250 దగ్గరే లొంగిపోతుంది. అదే పైపులు రెండు తీసుకుని, హౌసింగ్ పైన ఒకటి, కింద ఒకటి, 20 సెంటీమీటర్ల ఎడంతో బిగించి ముందు కొసన కలిపితే ఒక్కోదానిలో 30 లోపే. ఎందుకంటే త్రికోణంలో పైపు వంగనక్కర్లేదు, ఒకటి లాగుడు పడుతుంది, ఇంకోటి నొక్కుడు పడుతుంది. రేకుల షెడ్డు ట్రస్సు నిలబడేది ఈ కిటుకుతోనే.

త్రికోణం చేశాం. ముందు కొసని ఛాసిస్‌కి గట్టిగా బోల్టు వేసేశాం. గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకున్నాం. కుందులి సంత దగ్గర ఒక గుంతలో పడగానే వెల్డింగ్ చీలిపోయింది. కమాను అణిగినప్పుడు చదునై పొడవు పెరుగుతుంది, దాంతో హౌసింగ్ పైకి లేస్తూనే కొంచెం వెనక్కి జరుగుతుంది. మా బారు దాన్ని జరగనివ్వలేదు.

మేస్త్రీ ఒకటే మాట అన్నాడు: "ముందు కొసని ఉయ్యాల మీద పెట్టు బాబూ." రెండు పట్టీల షాకిల్ ఒకటి ఛాసిస్ నుంచి వేలాడదీసి, దానికి రబ్బరు బుష్‌తో బార్ తగిలించాం. ఆ ఉయ్యాల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, పైకి మాత్రం పోనివ్వదు. మనం ఆపాల్సింది ఆ పైకి లేవడాన్నే. బార్ కూడా అర మీటరు నుంచి మీటరుకి పెంచాం. చక్రం 10 సెంటీమీటర్లు లేస్తే అర మీటరు బార్ హౌసింగ్‌ని 11 డిగ్రీలకు పైగా తిప్పేస్తుంది, మీటరుదైతే 6 లోపే. రెండో వైపు ఇంకోటి పెడదామని బావ అన్నాడు. వద్దన్నాను. ఒక చక్రం గుంతలో, ఒకటి గట్టు మీద ఉన్నప్పుడు రెండు బార్లూ హౌసింగ్‌ని చెరోవైపు పిండుతాయి.

పోయిన వారం మళ్లీ సిమెంటు లోడుతో సుంకి ఎక్కాం. అదే మలుపులో ఆపి క్లచ్ వదిలాడు. దడదడ లేదు. సీటు వెనక జాకీ రాడ్డు గలగలలాడుతోంది. ఇన్నాళ్లూ అదొకటి ఉందనే మాకు తెలీదు.