ఆకుకూరను కప్పుతో కొలిచే ముందు: అపోహలు - వాస్తవాలు

వంట నేర్పే తరగతుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అక్కా, 100 గ్రాముల పాలకూర అంటే ఎన్ని కప్పులు?" అమెరికాలో ఉన్నవాళ్లు దీన్నే తిప్పి అడుగుతారు: "నాలుగు కప్పుల బేబీ స్పినాచ్ (లేత పాలకూర) అంటే ఎంత తూకం?" ఈ లెక్క తప్పడం వల్ల చాలామంది పప్పులు, పచ్చళ్లు పాడవడం చూశాను.

అపోహ: కప్పు అంటే 8 ఔన్సులు, అంటే సుమారు 225 గ్రాములు. ఆకులకూ అంతే.

వాస్తవం: ఆ 8 ఔన్సులు నీళ్లు, పాల లాంటి వాటిని కొలిచేవి, తూకం ఔన్సులు కావు. 240 మిల్లీలీటర్ల అమెరికా కప్పులో పచ్చి పాలకూర 30 గ్రాములే పడుతుంది. మిగతాదంతా ఆకుల మధ్య గాలి. కాబట్టి 100 గ్రాములంటే మూడు కప్పుల పైచిలుకు.

అపోహ: ఏ ఆకైనా కప్పుకు ఒకటే బరువు.

వాస్తవం: కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో సలాడ్ ఆకులు చూడండి: కప్పు అరుగులా 20 గ్రాములు, తరిగిన రొమైన్ లెట్యూస్ 47, సన్నగా తరిగిన ఐస్‌బర్గ్ లెట్యూస్ 72. ఒకే ఆకునైనా వదులుగా వేస్తే ఒక తూకం, నొక్కి నింపితే ఇంకో తూకం. తరిగాక కొలిస్తే మరీ ఎక్కువ పడుతుంది. కడిగిన తడి ఆకైతే నీళ్ల బరువు కూడా కలుస్తుంది. అందుకే "తరిగిన కప్పు ఆకు" (తరిగాక కొలిచినది), "కప్పు ఆకు, తరిగి" (కొలిచాక తరిగినది) అన్నవి ఒకటి కావని ప్రతి తరగతిలోనూ చెబుతాను.

అపోహ: కట్ట లెక్క చాలు.

వాస్తవం: తోటకూర పప్పుకు చాలు, కాస్త అటూ ఇటూ అయినా రుచి చెడదు. గోంగూర పచ్చడికి మాత్రం చాలదు. ఆకు ఎక్కువైతే పులుపు పెరిగి ఉప్పు, కారం, నూనె ఏవీ సరిపోవు. ఒక సంతలో కట్ట పిడికెడు ఉంటే ఇంకో సంతలో చేతికి పట్టనంత ఉంటుంది. పైగా గోంగూర కాడలు పారేస్తాం. ముదురు కట్టలో ఆకు కన్నా కాడ బరువే ఎక్కువ ఉండొచ్చు. నేనైతే ఆకు ఒలిచి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టాకే తూస్తాను. మిరపకాయలు, ఉప్పు ఎంతన్నది ఆ తూకాన్ని బట్టే. ఏడాది పొడుగునా ఉండాల్సిన నిల్వ పచ్చడిలో దీన్ని అస్సలు వదలకండి.

అపోహ: పచ్చి ఆకు కొలిచినా, ఉడికాక కొలిచినా ఒకటే.

వాస్తవం: పాలకూరలో 91 శాతం నీరే. కప్పు ఉడికిన పాలకూర 180 గ్రాములు తూగుతుంది, అంటే ఆరు కప్పుల పచ్చి ఆకు బరువు. వండేటప్పుడు పోయే నీటినీ లెక్కేస్తే ఇంకా ఎక్కువ ఆకు కావాలి. ఫ్రోజెన్ పాలకూర ముందే కాసేపు వేడినీళ్లలో వేసి తీసినది. దాన్ని పచ్చి ఆకు బదులు కప్పుకు కప్పు వేయకండి.

అపోహ: తూకం మిషన్ లేకుండా సలాడ్ చేయకూడదు.

వాస్తవం: సలాడ్‌కు గుప్పెడు లెక్క చాలు. మిగతా వంటల కోసం ఒక్క పూట మిషన్ అడిగి తెచ్చుకోండి. మీరు రోజూ వాడే గిన్నెలో ఆకు నొక్కకుండా నింపి, మూడుసార్లు తూచి, సగటు తీయండి. ఆకుకూర పేరు, ఆ అంకె ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపుకు అంటించండి.