సగటు చెప్పని సంగతి: సుఖవ్యాధుల లెక్కల వెనుక కథ

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ మనకు బాగా తెలిసినవాడే. ఆయన లెక్కల మనిషి కూడా అన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఊళ్లో ఒక్క దోమా మిగలకుండా చంపనక్కర్లేదు, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, మలేరియా తగ్గిపోతుందని 1911లో సమీకరణాలు రాసి చూపించాడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు మిగతా అంటువ్యాధులకూ లెక్క కట్టారు. బొంబాయి ప్లేగు మరణాలతో దాన్ని సరిచూసుకున్నారు.

ఆ లెక్కలన్నిటిలో ఒక ఊహ ఉంది: అందరూ అందరినీ ఇంచుమించు సమానంగా కలుస్తారని. ఫ్లూ లాంటి జబ్బుకు బస్సులో పక్క సీటు చాలు కాబట్టి ఆ ఊహతో కొంతదూరం నెట్టుకురావచ్చు. సుఖవ్యాధుల దగ్గరికొచ్చేసరికి అది పనిచెయ్యలేదు.

అది బయటపడింది అమెరికాలో, గనేరియా అనే సుఖవ్యాధి దగ్గర. 1970ల మధ్యలో అక్కడ ఏటా దాదాపు 10 లక్షల గనేరియా కేసులు నమోదయ్యేవి. మందు వేసుకుంటే తగ్గిపోయేది. కానీ ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన రక్షణ రాదు, మళ్లీ అంటుకోవచ్చు. జేమ్స్ యార్క్, హెర్బర్ట్ హెత్‌కోట్ అనే గణితవేత్తలను పట్టుకున్న ప్రశ్న ఇది: జనాభా మొత్తం మీద చూస్తే ఏ సమయంలోనైనా జబ్బు ఉన్నవాళ్లు కొద్దిమందే. సగటు లెక్క ప్రకారం అంత తక్కువగా ఉన్న జబ్బు బొటాబొటిగా బతుకుతున్నట్టు. చికిత్స కాస్త పెంచితే మాయమైపోవాలి. మరి ఏళ్ల తరబడి ఎందుకు పోవడం లేదు?

జవాబు ఒక చిన్న లెక్కలో కనిపిస్తుంది. 100 మంది ఉన్నారనుకుందాం. 95 మందికి ఏడాదిలో ఒక్కొక్క భాగస్వామి, మిగతా అయిదుగురికి 21 మంది చొప్పున. సగటు తీస్తే మనిషికి ఇద్దరు, భయపడాల్సిందేమీ లేనట్టే ఉంటుంది. అయితే మొత్తం 200 సంబంధాల్లో 105 ఆ అయిదుగురివే. జబ్బు సంబంధాల వెంట నడుస్తుంది కాబట్టి ముందు చేరేది వాళ్లకే, వాళ్ల నుంచి పాకేదీ ఎక్కువే. మనుషుల్ని కాక ఆ 200 సంబంధాల్ని తీసుకుని (95 సంబంధాలకు 1 చొప్పున, 105కు 21 చొప్పున) సగటు కడితే, జబ్బు దృష్టిలో ఆ ఊరి 'సగటు' 2 కాదు, 11.5. యార్క్, హెత్‌కోట్ ఇలాంటివాళ్లను కోర్ గ్రూప్ అన్నారు. అందరికీ పరీక్షలు చెయ్యడం కంటే, జబ్బు తేలినవాళ్ల భాగస్వాముల్ని వెతికి పట్టుకుని చికిత్స చెయ్యడం మేలన్న వాదనకు దీంతో బలం వచ్చింది.

కోర్ గ్రూప్ అనగానే వేలెత్తి చూపించడం మొదలవుతుంది. నా దృష్టిలో ఆ లెక్కకు అంతకంటే అన్యాయం లేదు. ఒక జబ్బు ఎంత పాకుతుందో తేల్చే వాటిలో మూడు ముఖ్యం: ఒక్కో సంబంధంలో అంటుకునే అవకాశం, సంబంధాల జోరు, జబ్బు ఒంట్లో ఉండే కాలం. పోలీసులకు భయపడి సెక్స్ వర్కర్లు ఆస్పత్రికి రాకపోతే ఆ మూడోది పెరుగుతుంది, అంతే. తరిమితే జబ్బు ఇంకా పాకుతుందని ఆ లెక్కే చెబుతోంది.

1980ల్లో హెచ్‌ఐవీ బయటపడింది. బ్రిటన్‌లో రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే అనే శాస్త్రవేత్తలు ఇదే ఆలోచనను దానికి వాడారు. లెక్క సిద్ధంగా ఉన్నా, అందులో పెట్టడానికి అంకెలు లేవు. ఎంతమందికి ఎంతమంది భాగస్వాములు? అది జనాన్నే అడిగి తెలుసుకునేందుకు తలపెట్టిన సర్వేకు డబ్బివ్వడానికి 1989లో థాచర్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. వెల్‌కమ్ ట్రస్ట్ అనే దాతృత్వ సంస్థ ముందుకొచ్చి డబ్బిచ్చింది. దాదాపు 19,000 మందిని అడిగి వివరాలు సేకరించారు.

అంకెల దగ్గర ఎంత తేడా రావచ్చో మనవాళ్లకు గుంటూరు జిల్లా చూపించింది. హెచ్‌ఐవీ అంచనాలు అప్పట్లో ప్రభుత్వాస్పత్రులకు వచ్చే గర్భిణులు, సుఖవ్యాధుల రోగుల రక్త పరీక్షల మీద నడిచేవి. 2004-05లో పరిశోధకులు నేరుగా జనం దగ్గరికే వెళ్లి 12,617 మంది రక్తం పరీక్షించారు. ప్రభుత్వ పద్ధతిలో లెక్కిస్తే వచ్చే సంఖ్య అసలు సంఖ్యకు దాదాపు రెండున్నర రెట్లని తేలింది. పేదలు ఎక్కువగా ప్రభుత్వాస్పత్రికే వెళ్తారు. ప్రైవేటు డాక్టర్లు హెచ్‌ఐవీ అనుమానం ఉన్నవాళ్లనీ అక్కడికే పంపేవారు. దాంతో లెక్క పెరిగిపోయింది. 2007లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు కూడా చూశాక దేశం మొత్తం అంచనా 52 లక్షల నుంచి దాదాపు 25 లక్షలకు దిగింది.

అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 'ఆవాహన్' కార్యక్రమం నడిచింది. సెక్స్ వర్కర్లనే ముందు పెట్టుకుని కండోమ్‌లు, చికిత్స అందించింది. దాని ఫలితం కూడా గణిత నమూనాతోనే లెక్క కట్టారు. దక్షిణాది రాష్ట్రాలు, మహారాష్ట్రల్లోని 69 జిల్లాల్లో పదేళ్లలో సుమారు 6 లక్షల హెచ్‌ఐవీ ఇన్ఫెక్షన్లు తప్పాయని 2013లో వచ్చిన అంచనా. జరగనిదాన్ని లెక్కపెట్టడం కాబట్టి అది అటూ ఇటూ అయ్యే అంకె. ఆ లెక్కలోకి వెళ్లిన ముఖ్యమైన సమాచారం మాత్రం ఎప్పటి నుంచి, ఎంత తరచుగా కండోమ్ వాడుతున్నారని సర్వేవాళ్లు అడిగితే ఆ సెక్స్ వర్కర్లు చెప్పిన జవాబులే.